కంచె దాకా వచ్చి ఆగిన వాన

దయ్యమనో మహిమ అనో ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే లేచిపోయే మనిషిని నేను. ఇప్పుడు నేనే ఇలాంటిది చెప్తున్నాను కాబట్టి మీరు లేచిపోయినా తప్పు పట్టను.

అమరచింత దగ్గర మా పొలంలో రెండు పెంకుల గదులు కట్టి సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకిస్తుంటాను. అందరూ అడిగేది ఒకటే, వాన పడుతుందా అని. మా దగ్గర శ్రావణాన్ని నమ్మలేమని ఫోన్‌లోనే చెప్తాను. అయినా అరుగు మీద కూర్చుని వాన చూస్తూ మిరపకాయ బజ్జీలు తినాలనే వస్తారు.

మొన్నటి శ్రావణంలో హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఒకటే ఎండ. వాళ్ళ ముఖాలు మాడిపోయాయి, నాకు తల కొట్టేసినట్టయింది. కనీసం కాలక్షేపంగానైనా ఉంటుందని కప్పతల్లి ఆట పెట్టిద్దామనుకున్నాను. వానలు రాకపోతే మా ఊళ్ళలో రోకలికి వేపమండలతో కప్పను కట్టి, భుజాన మోస్తూ ఇంటింటికీ తిరుగుతారు. ఇంటివాళ్ళు దాని మీద నీళ్ళు పోస్తారు.

పక్క చేను బాలమ్మ అక్కను అడిగాను. ఆమె పత్తి ఒకసారి ఎండిపోతే రెండోసారి గింజలు పెట్టింది. అవీ పోతే ఇక వలస పోవడమే. అప్పటికే ఊళ్ళో ఆడవాళ్ళతో కలిసి ఆ ఆట ఆడింది కూడా. చుక్క రాలేదు.

"వచ్చినోళ్ళకు చూపెట్టనీకే అక్కా," అని నసిగాను.

"యాడ ఆడితే ఏంది తమ్మీ, వాన పడితే సాలు," అంది.

నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి కళ్ళు మూసుకుని పాడింది. అతిథులు బిందెలతో నీళ్ళు పోస్తూ ఒకటే నవ్వులు. వీడియో సరిగా రాలేదు, ఇంకోసారి తిరగమన్నారు. ఆమె మళ్ళీ తిరిగింది. నేను కూడా నవ్వాను.

ఆడవాళ్ళు వెళ్ళిన కాసేపటికి, పొద్దు ఇంకా ఉండగానే, వాన దంచికొట్టింది. అతిథులు తడుస్తూ గంతులేశారు. బాలమ్మ అక్కకు చెప్దామని సంతోషంగా గేటు దాకా పరుగెత్తాను.

గేటు బయట దుమ్ము అలాగే ఉంది. కంచె రాళ్ళు మా వైపు తడిసి కారుతున్నాయి, అవతలి వైపు పొడిగా ఉన్నాయి. చేయి పెట్టి చూశాను. ఒక చేను తడిసి పక్క చేను తడవకపోవడం మాకు కొత్త కాదు. కానీ చుట్టూ తిరిగి చూస్తే, కంచె ఎక్కడ మలుపు తిరిగితే తడి కూడా అక్కడే తిరిగింది. బాలమ్మ అక్క తన గట్టు మీద నిలబడి మా వాన చూస్తూ ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆమె మా గేటు దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, మేం అడిగితే వస్తలేదు. వాళ్ళు నిలవడితే వచ్చింది. జర వాళ్ళను నా చేన్ల గూడ నిలవెట్టు. నవ్వనీ, ఫోన్లు పట్టుకోనీ, ఏం గాదు."

అతిథులు వెనక అరుగు మీద చాయ్ తాగుతున్నారు. వాళ్ళను ఈ మాట అడగడానికి నాకు సిగ్గేసింది. పల్లెటూరి మూఢనమ్మకం అని నన్ను చూసి కూడా నవ్వుతారనిపించింది.

"ఇంకా పండుకున్నరు అక్కా," అన్నాను.

వాళ్ళ నవ్వులు మా ఇద్దరికీ వినబడుతూనే ఉన్నాయి. ఆమె తలూపి వెళ్ళిపోయింది.

పత్తి మొలవలేదు. బాలమ్మ అక్క కొడుకుతో పాటు వలస పోయింది. చేను బీడుపడింది.

వాన కంచె దగ్గర ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పొద్దున వాళ్ళను ఆమె చేలో నిలబెట్టి ఉంటే పడేదో లేదో, అది ఇక ఎప్పటికీ తెలియదు.