సమ్మయ్య మ్యాపుల గది: చంద్రపూర్‌లో రెండు రోజులు

"వచ్చే ఏడు ఈ గది ఉంటదో లేదో. ఈసారి మా దగ్గరికే రండ్రి." మా వాట్సాప్ గ్రూపులో సమ్మయ్య పెట్టిన ఈ రెండు ముక్కలే నన్ను మహారాష్ట్రలోని చంద్రపూర్‌కు బయల్దేరదీశాయి. లేకపోతే చలికాలంలో తెల్లవారకముందే లేచి రైలెక్కే మనిషిని కాను నేను.

ముందు మా గ్రూపు సంగతి చెప్పాలి. రాళ్లు, గనులు, భూగర్భజలాల మీద వచ్చే పుస్తకాలూ మ్యాపులూ చూసుకునే లైబ్రేరియన్లం మేము. ఒక్కో కాలేజీకి ఒక్కరు ఉంటే గొప్ప. పక్క సీటు వాళ్లను సలహా అడుగుదామంటే, మడత పెడితే విరిగిపోయే పాత మ్యాపును ఎలా దాచాలో వాళ్లకేం తెలుస్తుంది? అందుకే ఏడాదికోసారి ఎవరో ఒకరి లైబ్రరీలో కలుస్తాం. వేదిక, శాలువా, ఉపన్యాసం ఏవీ ఉండవు. ఎవరి చిక్కు వాళ్లు తెచ్చి బల్ల మీద పెట్టాలి, మిగతావాళ్లు కూర్చుని విప్పాలి. ఈ ఉద్యోగంలో నాకు వచ్చిన పనిలో సగం ఆ బల్లల దగ్గర నేర్చుకున్నదే. ఈసారి సమ్మయ్య చిక్కు పెద్దది. అతని కాలేజీలో మ్యాపుల గదిని ఖాళీ చేయించి కంప్యూటర్ ల్యాబ్ పెడదామని ప్రిన్సిపాల్ ఆలోచన. ఆ గదికి వచ్చేదెవరు అన్నది ఆయన ప్రశ్న.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కి బల్లార్షాలో దిగడం మేలు. మంచిర్యాల దాటాక టీ అమ్మే కుర్రాళ్ల మాటల్లో మెల్లగా హిందీ కలుస్తుంది, విరూర్ వచ్చేసరికి స్టేషన్ బోర్డు మీద మరాఠీ కనిపిస్తుంది, ప్లాట్‌ఫారం మీద మనుషులు మాత్రం ఇంకా తెలుగులోనే దెబ్బలాడుకుంటుంటారు. బల్లార్షా నుంచి చంద్రపూర్‌కు బస్సులూ షేర్ ఆటోలూ ఎప్పుడూ దొరుకుతాయి. యాభై రూపాయలు చేతిలో ఉంటే చాలు. నేనెక్కిన ఆటో డ్రైవరు అద్దంలోంచి చూసి తెలుగులోనే పలకరించాడు.

"ఏడికెల్లి వచ్చిన్రు అక్కా? ఏం పని మీద?"

"హైదరాబాద్ నుంచి. మ్యాపులు చూడ్డానికి."

"మ్యాపుకోసం గింత దూరమా! ఫోన్ల ఉంటది కదా."

"ఫోన్‌లో ఉండేది నేల పైన సంగతి బాబూ. మావి నేల కింద ఏముందో చెబుతాయి."

"మా దగ్గర కింద బొగ్గే ఉంటది. దానికి మ్యాపెందుకు?" అని బొగ్గు లారీ వెనక దుమ్ములోకి ఆటోను దూర్చేశాడు. కాలేజీ దాకా ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకునే కూర్చున్నాను.

సమ్మయ్య గేటు దగ్గరే ఎదురొచ్చాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. వాళ్ల నాన్న బొగ్గు గనిలో పనికని పెద్దపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేనే అందరికంటే ముందు దిగాను. మిగతా ఐదుగురినీ తీసుకురావడానికి సమ్మయ్య స్టేషన్‌కు వెళ్తూ నా చేతిలో గది తాళం పెట్టాడు. "కూసోండ్రి మేడం, గంటల వస్త" అన్నాడు. ఆ గంటే కొంప ముంచింది.

గది చూస్తే ప్రాణం లేచొచ్చింది. గోడ పొడవునా మ్యాపులు పరుచుకునే వెడల్పాటి చెక్క సొరుగులు. కాలేజీ మాస్టార్లూ పిల్లలూ ఏళ్లతరబడి ఊరూరా తిరిగి, రాళ్లు చూసి, చేత్తో రంగులు వేసిన మ్యాపులు. అచ్చయినవి కూడా బోలెడు. కానీ సొరుగులు లాగి చూస్తే ఒక్కటీ వరసలో లేదు! ఈ నంబరు పక్కన ఆ నంబరు, అచ్చు మ్యాపు మీద చేతి మ్యాపు. మధ్యమధ్యలో మరాఠీలో 'రాజురా బస్సు', 'మూల్ బస్సు', 'కోర్పనా బస్సు' అని చీటీలు. ఎవరో బస్సులు రాసుకుని మర్చిపోయారనుకున్నాను. పాపం, ఒక్కడే ఎంతని చూసుకుంటాడు అని జాలి కూడా పడ్డాను. చున్నీ నడుముకు బిగించి పనిలో దిగాను. నంబరున్నవి పై సొరుగుల్లో వరసగా పేర్చాను, నంబరు లేనివన్నీ కిందికి దించాను, చీటీలు చెత్తబుట్టలో వేశాను. వాళ్లు వచ్చేసరికి కాలేజీ మూసే వేళయింది. రేపు పొద్దున చూసి మురిసిపోతాడులే అని ఎవరికీ చెప్పలేదు. ఎంత సంబరమో నాకు!

మర్నాడు శనివారం. పొద్దున బస్టాండ్ దగ్గర తర్రీ పోహా తిన్నాం, అటుకుల మీద ఎర్రటి కారపు రసం పోసి ఇస్తారు. కారానికి కళ్లల్లో నీళ్లు తిరిగినా రెండో ప్లేటు అడగకుండా ఉండలేం. తిని గదికి వచ్చేసరికి ప్రిన్సిపాల్ గారు కూర్చుని ఉన్నారు. ఆయన పక్కన తలపాగా చుట్టుకున్న ఓ రైతు. విరూర్ నుంచి వచ్చిన లింగయ్య. సమ్మయ్య ఎత్తు అప్పుడు అర్థమైంది. గదికి ఎవరొస్తారని అడిగిన మనిషి ముందే, వచ్చే మనిషిని నిలబెట్టాడన్నమాట.

"రెండు బోర్లు ఎండిపోయినయ్ సారూ. మూడోది ఏసేముందు కింద ఏం రాయి ఉన్నదో జర సూపెట్టు," అన్నాడు లింగయ్య.

"బోరు ఏడ ఎయ్యాల్నో మ్యాపు చెప్పది పెద్దయ్యా. సున్నపురాయా, ఇసుకరాయా అన్నది చెప్తది. అది వట్టుకొని నీళ్ల ఆఫీసుల అడుగు, సరిగ్గ చెప్తరు," అంటూ సమ్మయ్య రెండో సొరుగు లాగాడు. లాగి ఆగిపోయాడు. మూడోది లాగాడు. నాలుగోది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"గివన్ని ఎవలు సర్దిన్రు?"

"నేనే సమ్మయ్యా. నంబర్ల వరసలో పెట్టాను."

"నా దగ్గరికి వచ్చేటోళ్లకు నంబర్లు తెల్వయి మేడం. బస్సే తెలుస్తది. ఏ బస్సు దిగొచ్చిన్రో గా సొరుగు తీస్త."

నేలలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. విరూర్ మ్యాపు మాస్టార్లు చేత్తో వేసింది, దాని మీద నంబరే లేదు. అంటే నేను కిందికి దించిన ఆ పెద్ద గుట్టలో ఎక్కడో ఉంది. ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకుని, ఇందుకేనా ఇంత పెద్ద గది అని హిందీలో చిన్నగా అన్నారు. సమ్మయ్య మొహం చూడలేకపోయాను. నా చేతులారా అతని గదికి తాళం వేయిస్తున్నాను అనిపించి ఏడుపొచ్చింది.

మాలో నాగపూర్ నుంచి వచ్చిన వందనా తాయి ఉంది, తాయి అంటే మరాఠీలో అక్క. ఆవిడే ముందు చీర సర్దుకుని నేల మీద చతికిలబడింది. ఆ వెనకే అందరం. గుట్ట మొత్తం బయటికి తీసి, బల్ల మీదా కిటికీ అంచుల మీదా కుర్చీల మీదా పరిచేశాం. "దొరకకుంటె మల్లొస్త తీయుండ్రి, గంత పరేశానెందుకు," అని లింగయ్యే మాకు ధైర్యం చెబుతున్నాడు. ఓ మ్యాపు పెట్టడానికి చోటు లేక ప్రిన్సిపాల్ గారి ముందున్న బల్ల మీద పరిచాను. ఆయన విసుగ్గా దాన్ని పక్కకు జరపబోయి, ఆగి, కళ్లజోడు పెట్టుకున్నారు. తర్వాత వంగారు. ఇంకాస్త వంగారు.

"ఇది మా వాగే!" అన్నారు హిందీలో. ఆ మాట ఆయన గొంతులా లేదు. "మా పొలం ఇక్కడుండాలి... పక్క మ్యాపేదీ?"

సరిగ్గా అప్పుడే కిటికీ దగ్గర నుంచి వందనా తాయి "విరూర్!" అని కేకేసింది. లింగయ్యను కూర్చోబెట్టి సమ్మయ్య చూపుడువేలితో రంగుల హద్దు చూపించాడు. ఇటు సున్నపురాయి, అటు ఇసుకరాయి, నీ పాత బోర్లు రెండూ ఇటే ఉన్నయ్ చూడు అని. లింగయ్య చాలాసేపు చూసి, "అంటే తప్పు నాది గాదు, రాయిది," అని తేలిగ్గా నవ్వాడు. ఆ కాస్త భాగం ఫోటో తీయించుకుని బస్సుకు వెళ్లిపోయాడు.

ప్రిన్సిపాల్ గారు మాత్రం మధ్యాహ్నం దాకా కదల్లేదు. "నా ఊరు ఏ బస్సు సొరుగులో ఉంటుంది?" అని అడిగారు. "మూల్ బస్సు సార్," అన్నాడు సమ్మయ్య. తలుపు దగ్గర ఆగి, నా వంక చూసి, ఎక్కడివి అక్కడ పెట్టేసి వెళ్లండి, సోమవారం ఇంకెవరైనా వస్తే ఇబ్బంది అన్నారు.

ఆయన అడుగుల చప్పుడు పోయేదాకా సమ్మయ్య అలాగే నిలబడ్డాడు. "సోమవారం అన్నడు కదా? నువ్విన్నవా అక్కా?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. నిన్నటి మేడం అక్క అయిపోయింది. నేను విన్నాను. అందరం విన్నాం.

రాళ్లు చూడ్డానికి వెళ్దామనుకున్న మధ్యాహ్నమంతా చీటీలు మళ్లీ రాసి సొరుగులు నింపడంతోనే సరిపోయింది. ఒక్కరికీ విచారం లేదు. రాత్రి ఊళ్లోనే బాబుపేట్‌లో ఉన్న సమ్మయ్య ఇంట్లో జొన్నరొట్టె, వంకాయ కూర. నీళ్ల చెంబు తీసుకుందామని వంటింట్లోకి అడుగుపెట్టానో లేదో సమ్మయ్య భార్య అడ్డమొచ్చింది. "అక్కా, మా డబ్బలు మాత్రం సర్దకు. పొద్దుగాల ఉప్పు దొరకది!" అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

తిరుగు రైల్లో అదే ఆలోచన. మా అందరికీ వరస నేర్పించారు గానీ, అడగడానికి వచ్చే మనిషి ఏ దారిన వస్తాడో చూడమని ఎవరూ నేర్పలేదు. నాలాంటి పని చేసేవాళ్లు నలుగురు కలిసి కూర్చోకపోతే ఈ సంగతి నాకు పదవీ విరమణ దాకా తెలిసేది కాదు. మా లైబ్రరీలో ఇప్పుడు ప్రతి మ్యాపు కార్డు మీదా నంబరు కింద దగ్గరి బస్సు దారి కూడా రాస్తున్నాను.

మీరు వెళ్లేట్టయితే ఒక్క సలహా. ఎండలు ముదరకముందే వెళ్లండి, సోమవారం వెళ్తే మరీ మంచిది. మీ తాతల ఊరు ఆ చుట్టుపక్కలదైతే సమ్మయ్యను అడగండి. నంబరేమీ తెలియక్కర్లేదు. ఏ బస్సు వెళ్తుందో చెబితే చాలు, సొరుగు తీస్తాడు.