చప్పుడు పోయిన డబ్బా

ఖాసిం సాహెబ్ ఒకచోట కుదురుగా కూర్చోవడం ఎర్రగుంట్లలో ఎవరూ చూసి ఉండరు. నలభై ఏళ్లుగా రేడియోలు, టేపురికార్డర్లు, ఇప్పుడు స్పీకర్లు బాగుచేస్తున్నాడు. ఇచ్చేసిన సామాను కూడా మనసులో మళ్లీ విప్పుతూనే ఉంటాడు. దారిలో ఎవరింట్లోనైనా స్పీకరు గరగరలాడితే పిలవకపోయినా లోపలికి పోయి విప్పేస్తాడు. తన చేతిమీద బాగైన పెట్టెలో చిటుక్కుమనే చప్పుడు కూడా ఉండకూడదని ఆయన పంతం.

ఈ మధ్య ఆయన నెత్తికెత్తుకున్నది పర్వీన్ పని. పక్కింటి ఫాతిమా బీ కూతురు, చిన్నప్పుడే చూపు పోయింది. లారీల బుకింగ్ ఆఫీసువాళ్లు నెలరోజులు చేసి చూపించమన్నారు, నచ్చితేనే ఉద్యోగం. కంప్యూటరు తెర మీది అక్షరాలు చదివి వినిపిస్తుంది, ఫోనులో డ్రైవర్లు మాట్లాడతారు. రెండూ ఒకే హెడ్‌ఫోనులో వినాలి. అందుకని సాహెబ్ అరచేతిలో పట్టే డబ్బా చేసిచ్చాడు. మీట నొక్కితే ఫోను, మళ్లీ నొక్కితే కంప్యూటరు. బాగానే ఉండింది గానీ రెండు రోజులకో బ్యాటరీ మింగేది. అదీ సరిగ్గా డ్రైవరు మాట్లాడుతున్నప్పుడే ఆరిపోయేది.

కంప్యూటరుకు ఫోను చార్జింగ్ పెట్టుకునే యూఎస్‌బీ ఉంది కదా, కరెంటు దాంట్లోంచే లాగుదామన్నాడు సాహెబ్. దాంట్లో వచ్చే అయిదు వోల్టులకు లోపల టకటకలాడుతూ లైను మార్చే పాత రిలే కదల్లేదు. దాన్ని పెరికేసి గోరంత చిప్పు అతికించాడు. చప్పుడే లేదు. ఫోను వైపు ఉంటే వెలిగేటట్టు పైన ఎర్రలైటు కూడా పెట్టాడు. మురిసిపోయి తనే పదిసార్లు నొక్కి చూసుకున్నాడు.

నాలుగో రోజు ఫాతిమా బీ వచ్చి చెప్పింది. డ్రైవరు ఫోనులో అరుస్తున్నా పర్వీన్‌కు వినపడలేదట, లారీ పూటంతా గేటు దగ్గరే నిలబడిపోయిందట. ఇంకోసారి ఇట్లయితే రానక్కరలేదన్నారట. నెల నిండడానికి ఇంకా మూడు రోజులుంది.

సాహెబ్‌కు కాలు నిలవలేదు. షట్టరు సగం దించి ఆఫీసుకు పోయి పర్వీన్ వెనక నిలబడ్డాడు. డబ్బా బాగానే పనిచేస్తోంది. పిల్లే మీట నొక్కి, డబ్బా మీదికి చెవి వంచి, మళ్లీ నొక్కి, హలో హలో అని వెతుక్కుంటోంది. ఏమైందమ్మా అని అడిగాడు.

"ముందు ఫోనుకు పోతే టక్కుమనేది చాచా, కంప్యూటరుకొస్తే మెత్తగా టిక్కుమనేది. ఇప్పుడు యాడుండానో తెలీకుండా ఉండాది. శానా కష్టపడి చేసినావని చెప్పల్యా."

సాహెబ్ ప్రాణం చివుక్కుమంది. అంగడికొచ్చి పాత డబ్బాలన్నీ కుమ్మరించినా అయిదు వోల్టుల రిలే దొరకలేదు. అన్నం మాట మరిచి కడప బస్సెక్కాడు. బస్సు ఆగిన ప్రతిచోటా లేచి నిలబడ్డాడు. తెచ్చి బిగించి, లైటు పీకేసి, మర్నాడు ఆఫీసు తెరవకముందే గుమ్మంలో ఉన్నాడు.

పర్వీన్ నొక్కింది. టక్. మళ్లీ నొక్కింది. టిక్. మొహం విచ్చుకుంది. వేళ్లతో డబ్బా అంతా తడుముతూ ఒకచోట ఆగింది.

"ఈడ బొక్కేంది చాచా?"

"లైటు పెట్టింటి బేటీ. ఫోను వైపుంటే వెలిగేది."

"ఎవరికి?" అంది పర్వీన్ నవ్వుతూ.

సాహెబ్ నవ్వలేకపోయాడు. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ పూట తొమ్మిది లారీలు బుక్కయ్యేదాకా కదలకుండా కూర్చునే ఉన్నాడు.