నేను సరిదిద్దిన ప్లూటో దారి

2023 వేసవి సెలవులు. గాజువాక దాటాక ఒక స్కూల్లో, కాంక్రీటు గ్రౌండు మీద నేను ఒక తప్పు గీత గీశాను. అది తెలియక చేసిన తప్పు కాదు. బాగా తెలుసనుకుని చేసిన తప్పు.

నా పని లైన్ మార్కింగ్, అంటే నేల మీద రంగుతో గీతలు వేయడం. పోర్టు యార్డులో లారీల దారులు, కంటైనర్ల గళ్ళు, ఆటల కోర్టులు, అపార్టుమెంట్ల పార్కింగులు. వన్‌టౌన్‌లో మొదలుపెట్టి ముప్ఫయ్యేళ్ళు ఇదే పని. వేసిన గీత చెరపాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదని కాస్త పొగరు కూడా ఉండేది.

స్కూల్లో సైన్సు చెప్పే సత్యవతి మేడమ్ నన్ను పిలిపించారు. వాళ్ళది అమలాపురం వైపు. భర్తకి స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం. గ్రాఫ్ కాగితం మీద సూర్యుడి చుట్టూ గ్రహాల దారులన్నీ గీసి తెచ్చారు.

"సూర్యుడికీ భూమికీ మధ్య దూరం మనకి ఒక్క అడుగండి మస్తాన్ గారూ. మిగతావన్నీ ఆ లెక్కే. హెడ్మాస్టరు గారికి ఇది అస్సలు ఇష్టం లేదండి. ఒక్క తప్పు దొరికినా మొత్తం చెరిపించేసి బాస్కెట్‌బాల్ కోర్టు వేయించేస్తానన్నారు. రెండేళ్ళు బతిమాలానండి" అన్నారు.

ఆవిడ మనసంతా మరుగుజ్జు గ్రహాల మీదే ఉంది. సీరిస్ సూర్యుడికి మూడడుగుల లోపే. నెప్ట్యూన్ ముప్ఫై అడుగుల దూరంలో ఉంటే ప్లూటో, హౌమియా, మాకేమాకే దాని అవతల. ఎరిస్ సంగతి చెప్పక్కర్లేదు. ఒక పక్క ముప్ఫై ఎనిమిది అడుగులకే వచ్చేస్తుంది, రెండో పక్క తొంభై ఎనిమిది అడుగులు, ప్రహరీ గోడ దాకా పోతుంది. ఇవి గుండ్రటి దారులు కావు, కోడిగుడ్డు దారులు. సూర్యుడి దగ్గర ఒక మేకు, కొంచెం దూరంలో ఇంకో మేకు కొట్టి, రెంటికీ తాడు కట్టి, ఆ తాడు బిగువు మీద సుద్ద తిప్పితే దారి పడుతుంది. ప్లూటోకి మేకుల మధ్య ఇరవై అడుగులు, తాడు డెబ్బై తొమ్మిది.

అలా తిప్పుతుంటే ఒకచోట ప్లూటో గీత నెప్ట్యూన్ గీతను దాటి అయిదంగుళాలు లోపలికి వచ్చింది. యార్డులో రెండు దారులు అలా కలిస్తే లారీలు గుద్దుకుంటాయి. మేడమ్ లెక్క ఎక్కడో జారిందనుకున్నాను.

నాతో పనిచేసే అప్పలరాజు, "బావా, ఓపాలి మేడమ్‌నడిగి సెయ్యొచ్చు కదా?" అన్నాడు.

"అయిదంగుళాలకి అడగడమేటి? నానెన్ని గీతలు సూడలేదు!" అని, ఆ వంపును అడుగు బయటికి జరిపి రంగు వేసేశాను.

స్కూలు తెరవడానికి రెండు రోజుల ముందు మేడమ్ వచ్చారు. మురిసిపోతూ గ్రౌండంతా తిరిగి, ఆ వంపు దగ్గర ఆగిపోయారు.

"ఇదేంటండి?"

"సరిసేసాను మేడమ్. రెండు దార్లూ కలిసిపోతన్నాయి. గుద్దేసుకోవా?"

ఆవిడ తిట్టలేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. "పిల్లలకి చూపిద్దామనుకున్నదే ఈ అయిదంగుళాలండి" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

తర్వాత ఆవిడే విడమరిచి చెప్పారు. "నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేసరికి ప్లూటో సరిగ్గా రెండు తిరుగుతుందండి. ప్లూటో ఇక్కడికొచ్చే వేళకి నెప్ట్యూన్ ఎక్కడో దూరంగా ఉంటుంది. పైగా ప్లూటో దారి ఏటవాలు. ఇక్కడ పైనుంచి పోతుంది."

"అంటే మన ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ లాగ?"

"అదేనండి! 1979 నుంచి 1999 దాకా ప్లూటో ఈ అయిదంగుళాల లోపలే ఉంది. మీరు బళ్ళో చదువుకునే రోజుల్లోనూ ఇక్కడే."

సిగ్గుతో తల వాల్చేశాను. ఆ ఎండలోనే గ్రైండరు పెట్టి ఆ వంపు గీకేసి, మళ్ళీ తాడు కట్టి, ఆవిడ కాగితంలో ఉన్నట్టే గీశాను.

మర్నాడు హెడ్మాస్టరు గారు చేతిలో పుస్తకంతో వచ్చారు. సరాసరి అక్కడికే వెళ్ళి, "రెండు గీతలు కలిసిపోయాయి. తప్పు కదూ?" అన్నారు. మేడమ్ నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను.

"కాదండి. అది మూడు సుట్లు తిరిగితే ఇది రెండు తిరుగుతాది. ఎప్పుడూ ఎదురుపడవు. నానూ తప్పనుకునే పక్కకి జరిపేసి, మల్లీ సెరిపి ఇలా గీసానండి."

ఆయన పుస్తకం తిప్పి తిప్పి చూసి, "సరే, ఉండనివ్వండి" అన్నారు. మేడమ్ నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ తర్వాత నేను అర్థంకాని గీత కనిపిస్తే దిద్దను, ముందు ఫోను చేస్తాను. కిందటేడు రంగులు మళ్ళీ వేయడానికి ఆ స్కూలుకి వెళ్ళాను. వాన పడి ఆరుతున్న నేల మీద, నేను గీకేసిన పాత వంపు మసగ్గా తేలింది. దాన్ని కూడా చెరిపేయమంటారా అని అడిగితే మేడమ్ ఒప్పుకోలేదు. "పిల్లలు రోజూ అడుగుతారండి, ఈ దారిలో ఏది తిరుగుతుందీ అని. అది మస్తాన్ గారి దారి, ఒక్కరోజు తిరిగి మళ్ళీ మన దారికొచ్చేశారు అని చెబుతున్నాను" అన్నారు.