చుక్కాని చెయ్యి

కొండలరావు చుక్కాని దగ్గర కూర్చున్నాడంటే పడవలో మిగతావాళ్లు నిశ్చింతగా వలలు సర్దుకునేవారు. ఓడలరేవులో ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అక్కడ కెరటం ఎటు నుంచి లేస్తే అటు, తల తిప్పకుండానే, అతని చెయ్యి కదిలేది. పడవ కుడికి తిరగాలంటే చుక్కాని పిడిని ఎడమకి తొయ్యాలి. ఎడమకి తిరగాలంటే కుడికి. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని పట్టుకున్న పిడి అది. నడివయసు వచ్చేదాకా వదల్లేదు.

పోయినేడు వల లాగుతుంటే భుజం పట్టేసింది. బరువులు లాగొద్దన్నాడు డాక్టరు. నలుగురూ లాగుతుంటే కూర్చుని చూసే మనిషి కాదు కొండలరావు. పడవను తమ్ముడికి అప్పగించి ఆటో కొన్నాడు. భార్య బంగారమ్మనీ, ఆమెతో పాటు చేపలమ్మే ఆడవాళ్లనీ గంపలతో అమలాపురం మార్కెట్టుకి చేర్చడం ఇక అతని పని.

సైకిలు కూడా తొక్కి ఎరగడు. అయినా నెమ్మదిగా, చూసుకుంటూ తిప్పినంతసేపూ ఆటో చెప్పినట్టు విన్నది. లైసెన్సూ చేతికొచ్చింది. వారం తిరక్కుండానే, ఎడమ పక్క కాలవ గట్టు మీంచి కుక్క ఒకటి ముందుకి దూకింది. హ్యాండిల్ కుడికి తిప్పాలి. కొండలరావు చెయ్యి ఎడమకి తోసేసింది. కుక్క రోడ్డు దాటి పారిపోయింది. ఆటో కాలవలోకి దిగింది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, తేలిపోతున్న తన గంప కేసి చూస్తూ, బంగారమ్మతో పాటు చేపలమ్మే గంగాభవాని అంది: “బాగుందన్నియ్యా! రొయ్యల్ని తెల్లారకుండా పట్టుకొచ్చి కాలవలో వదిలేవు. పుణ్యం నీకే.”

మర్నాడు బంగారమ్మ వేరే ఆటో ఎక్కింది. మిగతా ఆడవాళ్లూ ఆమె వెనకే. పోతూ పోతూ బంగారమ్మ, “ఇంకోసారి కాలవలో దింపేవంటే అమ్మేస్తాను ఈ ఆటోని” అనేసి పోయింది. ఖాళీ ఆటోలో కూర్చుని కొండలరావు తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఆదివారం కూతురు కళ్యాణి వచ్చింది. అమలాపురంలో నర్సింగు చదువుతోంది.

“అటు తొయ్యాలని అనుకునే తోసేవా నాన్నా?”

“అనుకోడానికి టైమెక్కడుందే? నేను చూసేలోపే తోసేసింది.”

“చేతిదేం లేదు. అంతా తలలోనే.”

మెదడులో కోట్ల కోట్ల నాడీకణాలుంటాయని చెప్పింది కళ్యాణి. ఒక్కొక్క కణానికీ దారంలాంటి తోక. దాని వెంట కబురు కరెంటులా పరిగెడుతుంది. కణానికీ కణానికీ మధ్య సన్నటి సందు. అక్కడ కరెంటు ఆగిపోతే, రసాయనం ఏరు దాటించే పంటులా కబురుని అవతలి గట్టుకి దాటిస్తుంది. ఏ రేవులో రోజూ దాటితే ఆ రేవు గట్టిపడుతుంది. ఆలోచించి చేసే పని తల ముందు భాగం చూసుకుంటుంది, కానీ అది నిదానం. ఉలిక్కిపడినప్పుడు ఆగి ఆలోచించే వ్యవధి ఉండదు, బాగా అలవాటైన దారిలోనే కబురు ముందు పోతుంది.

“అయితే చుక్కాని తవ్విన పాత మొగ పూడ్చేయాలంటావా?”

“పూడ్చక్కర్లేదు నాన్నా. కొత్త మొగలో రోజూ నీళ్లు పారితే అదీ లోతవుద్ది. నువ్వు నిదానంగా తిప్పడమే నేర్చుకున్నావు. ఉలిక్కిపడి తిప్పడం నేర్చుకోలేదు. అదీ నేర్చుకో. రాత్రి కడుపునిండా నిద్రపో, నేర్చుకున్నది మెదడు నిద్రలోనే సర్దుకుంటుంది.”

కొండలరావు సాయంత్రం వలలు ఆరబెట్టే ఇసుక మైదానానికి ఆటో తోలుకెళ్లాడు. ఇంట్లో పడి ఉన్న పాత థర్మాకోల్ పెట్టెని, వెనకే నడిచొచ్చిన బంగారమ్మ చేతికిచ్చాడు.

“నేను అటూ ఇటూ తిప్పుతుంటాను. నువ్వు చెప్పకుండా ఆటో ముందుకి విసురు.”

బంగారమ్మకి ఆ పని బాగా నచ్చింది. చీర కుచ్చెళ్లు దోపుకుని, పడవ చాటు నుంచి విసిరింది. ఆటో సూటిగా పెట్టె మీదికే పోయింది.

“ఏవే, అంత గట్టిగా విసరాలా?”

“కుక్క నీకు కబురెట్టి వస్తాదేటి?”

రోజూ అదే పని. మొదట్లో పెట్టె నుజ్జయింది. ఇంకో పెట్టె తెచ్చారు. తర్వాత్తర్వాత చెయ్యి ఒకసారి సరిగా, ఒకసారి తప్పుగా పోయేది. తప్పు పోయినప్పుడు కొండలరావు తిట్టుకోకుండా వెనక్కొచ్చి మళ్లీ మొదలుపెట్టేవాడు. తండ్రి దగ్గర పడవా అలాగే నేర్చుకున్నాడు. కొన్నాళ్లకి బంగారమ్మ ఎన్ని దిక్కుల నుంచి విసిరినా పెట్టెకి దెబ్బ తగలడం మానేసింది.

ఓ పొద్దున్న ఆమె గంప తెచ్చి మొగుడి ఆటోలో పెట్టింది. గంగాభవాని కాసేపు నిలబడి చూసి, “రొయ్యలు తెచ్చుకోలేదులే, పీతలే. కాలవలో పడితే అవే ఎక్కొస్తాయి” అంటూ ఎక్కింది.

సగం దారిలో ఎడమ గట్టు మీంచి గేదె దూడ అడ్డం దూకింది. ఆటో చటుక్కున కుడికి తప్పుకుని మళ్లీ దారిలో పడింది. ఆడవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు ఒరిగి, సర్దుకుని, పీతల ధర దగ్గర ఆపిన గొడవ అక్కణ్ణుంచే అందుకున్నారు. దూడ వెనకబడిపోయాక గానీ కొండలరావుకి తను హ్యాండిల్ తిప్పిన సంగతి తెలియలేదు. అద్దంలో బంగారమ్మ నవ్వుతోంది.

ఇప్పుడతనికి ఇంకో బెంగ పట్టుకుంది, చెయ్యి చుక్కానిని మరిచిపోయిందేమోనని. ఆ ఆదివారం తమ్ముడి పడవెక్కి చుక్కాని అడిగి పుచ్చుకున్నాడు. మొగ దగ్గర ఎడమ నుంచి కెరటం లేచింది. చెయ్యి పిడిని ఎడమకి తోసింది. పడవ హాయిగా కుడికి తిరిగింది.

గట్టుకొచ్చి, కాళ్లకంటిన ఇసుక దులుపుకుని ఆటో తీశాడు. మొదటి మలుపు దాటేదాకా మాత్రం నెమ్మదిగానే పోనిచ్చాడు.