శారదగారు కొన్న చేప

నిన్న రాజమండ్రి చేపల బజారులో ఓ శీలావతి చేప మొప్ప ఎత్తి వాసన చూస్తుంటే, అమ్ముతున్నామె "బాగా తెలిసినవారిలా ఉన్నారండీ" అంది. ఆ నీచు వాసన వేళ్ళకి అంటగానే నాకు మా అమ్మతోపాటు శారదగారు కూడా గుర్తొస్తారు. చేప గుమ్మం తొక్కని ఇంట్లో పుట్టిన మనిషి ఆవిడ. కోనసీమ పురోహితుల ఇంటి ఆడపడుచు. కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరై, మా పై వాటాలో ఉండేవారు.

మా అమ్మ ముప్ఫై ఏళ్ళు గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మి నన్ను లెక్కల టీచర్ని చేసింది. డెబ్భై దాటాక మతిమరుపు మొదలైంది. డెమెన్షియా అన్నారు డాక్టరు. నేను ఊరుకుంటానా? వల్లె వేయిస్తే ఏదైనా నిలుస్తుందని నా నమ్మకం. రోజూ కంచం ముందు పెట్టి పరీక్ష మొదలెట్టేదాన్ని. "ఇవాళ ఏ వారం? నేనెవరో చెప్పు." అమ్మ బెదురుగా చూసి, "మీరు టీచరుగారండి" అనేది. "నీ కూతుర్నమ్మా!" అని అరిచేదాన్ని. చివరికి నా చేతిలో ముద్ద చూస్తేనే నోరు బిగించేసేది. నెల తిరిగేసరికి చిక్కి సగమైంది. కన్నతల్లిని నేనే పస్తులు పెడుతున్నానని కుమిలిపోయాను.

నా అరుపులు విని ఓ సాయంత్రం శారదగారు కిందికొచ్చారు. "ఏమీ అనుకోకండేం. మీ అమ్మగారికి రోజూ సున్నా మార్కులే వేస్తున్నారు మీరు. అడిగినదానికి జవాబు వెతికి తెచ్చుకోవడం ఇప్పుడావిడ వల్ల కాదండి. ఎదురుగా పెట్టినదాన్ని గుర్తుపట్టగలరు. చేతులు నేర్చిన పని ఇంకా ఎక్కువకాలం ఉంటుంది. ప్రశ్నలు మానేసి పని ఇచ్చి చూద్దాం."

మర్నాడు ఆదివారం. ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో ఓ కవరు ఒంటికి దూరంగా పట్టుకుని వచ్చారు. "పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారండి. త్వరగా అందుకోండి బాబూ!"

నాకంటే ముందు అమ్మే అందుకుంది. వేలితో మొప్ప ఎత్తింది. "ఎవడండీ మీకిది అంటగట్టింది? నిన్నటి సరుకు. చూడండి, ఎలా నల్లబడిందో! కూరకి పర్లేదులెండి."

అమ్మ గొంతులో ఆ గదమాయింపు విని ఎన్నాళ్ళయిందో! "తప్పయిపోయిందండి" అని శారదగారు చెంపలేసుకుంటే ముగ్గురం నవ్వేశాం. అమ్మ కత్తిపీట మీద కాలు మోపి కూర్చుంది. మేం చెరోపక్క కాపలా. పొలుసు తీసి, ముక్కలు కోసి, తల విడిగా ఓ గిన్నెలో పెట్టి నావైపు తిరిగింది.

"ఇది మా పిల్లకండి, టీచరుగారూ. బడి నుంచి ఆకలేసి వస్తుంది. ఎవరూ తినకుండా చూడండి."

నా గుండెల మీద బరువంతా దిగిపోయింది. అమ్మకి నేను గుర్తున్నాను. ఆకలేసి బడి నుంచి వచ్చే పిల్లగా ఉన్నాను, చాలదా! ఆ మధ్యాహ్నం కూర కలిపి, ఏమీ అడక్కుండా ముద్ద అందించాను. నోరు తెరిచింది.

అమ్మ ఆ తర్వాత మూడేళ్ళుంది. ప్రతి ఆదివారం ఇంటికి చేప వచ్చేది. మొప్ప ఎలా చూడాలో శారదగారు కూడా నేర్చుకున్నారు, ముక్కు మూసుకునే! అమ్మ ఒక్కసారీ నన్ను పేరుపెట్టి పిలవలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. క్లాసులో ఏ పిల్లయినా జవాబు రాక బిక్కమొహం వేస్తే, మొదటి మెట్టు నేనే చెప్పి ఆగుతాను. మిగతాది మెల్లగా అదే చెబుతుంది.

నిన్నటి శీలావతి ముక్కలు ఇంట్లో అందరికీ పంచాను. తల మాత్రం ఎవరికీ పెట్టలేదు. అది నాది.