అంకుల్ చేయించిన వైరింగ్

స్కూలు కిచెన్‌లో పిల్లల భోజనానికి క్యారెట్లు తరుగుతుండగా ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ వెళ్లిపోయారమ్మా, తెల్లవారుజామున" అని మాత్రం అన్నారు. నేను గ్లవ్స్ తీసేసి, గోడవైపు తిరిగి కాసేపు రామనామం చెప్పుకున్నాను. అంతకన్నా ఏం చేయాలో తోచలేదు.

ఇక్కడ ఇంగ్లండులో, స్లౌ ఊళ్లో పద్దెనిమిదేళ్లుగా ఆయన మా పక్కింటివారు. ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరయ్యారు. మా ఆదివారం భజనకు మైకు, ఆంప్లిఫయర్ ఆయనే చూసుకునేవారు. పాడమంటే మాత్రం "నా గొంతు వింటే రాముడు మళ్లీ అడవికి పోతాడు" అని నవ్వేవారు.

ఈ శ్రీరామనవమి నాడు భజన మధ్యలో కాలిన వాసన వచ్చి ఆంప్లిఫయర్ ఆగిపోయింది. "పాతదైపోయిందండీ, దాని ఆయుష్షు అంతే" అని ఆయన అందరికీ చెప్పారు. మర్నాడు నన్నొక్కదాన్నే తన షెడ్డుకు పిలిచి దాని మూత చూపించారు. మధ్యలో సొట్ట పడింది.

"దీని మీద ఏం పెట్టావమ్మా?"

మా ఇత్తడి సీతారాములను పెట్టాను. దేవుడు కాస్త ఎత్తులో ఉంటే బాగుంటుందని, ఆ డబ్బా మీద పట్టుగుడ్డ పరిచి మరీ పెట్టాను.

లోపల ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద గారెలా, మధ్యలో చిల్లుతో ఉంది. ఆ చిల్లులోంచి పొడవాటి బోల్టు వేసి డబ్బా అడుగుకు బిగిస్తారు. విగ్రహాల బరువుకు మూత కుంగి బోల్టు పైకొసను తాకింది. "బోల్టుకి ఒక కొసే డబ్బాకి తగలాలి. రెండోది కూడా తగిలిందనుకో, బోల్టు, మూత, పక్క రేకు, అడుగు అన్నీ కలిసి ఒక తీగ చుట్టు అయిపోతాయి. కరెంటు అందులో తిరిగి తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ని కాల్చేస్తుంది" అన్నారు. నా కళ్లలో నీళ్లు చూసి, "ఏడవకు తల్లీ, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ తెప్పిస్తాను. వైరింగ్ నువ్వు చేద్దువుగాని."

"నేనా? పదోక్లాసు చదివినదాన్నండీ."

"జడ అల్లడం వచ్చుగా? రంగులు తెలుసుగా? చాలు."

అలా నాలుగు శనివారాలు గడిచాయి. ముందుగా ప్లగ్గు పీకి, బల్ల మీద మా ఎదురుగా పెట్టేవారు. "పీకానని గుర్తుంటే సరిపోదు, కంటికి కనపడాలి." అన్నిటికన్నా ముందు ఎర్త్ వైరు. డబ్బాకు పెయింటు గీకించి, రేకు మెరిసేచోట నాచేత బిగింపజేశారు. దాన్ని మిగతా వైర్లకంటే పొడుగ్గా వదలమన్నారు. ఎవరైనా పొరపాటున లాగినా చివరగా తెగాల్సింది అదేనట. కరెంటు వచ్చే వైపు తీగల రంగులను లేబుల్ చూసి నాచేత మూడుసార్లు పైకి చదివించారు. మంత్రం చదివినట్టు చదివాను. ట్రాన్స్‌ఫార్మర్‌కు పైనా కిందా రబ్బరు బిళ్లలు, పాతదానికన్నా పొట్టి బోల్టు వేశాం. నేను బలమంతా పెట్టి తిప్పుతుంటే, "అమ్మా, అది ఆవకాయ జాడీ మూత కాదు, తీగలు నలుగుతాయి" అన్నారు.

ఇక ఆన్ చేసి చూడటమే మిగిలింది. ఇంతలో ఆయాసం ఎక్కువై హాస్పిటల్లో చేరారు. చూడటానికి వెళ్తే నన్ను అడిగిన మొదటి మాట, "ఆన్ చేశావా?"

"మీరు వచ్చాకేనండీ. నాకు భయం."

"భయం మంచిదే. దాంతోపాటు నా బల్ల మీది బల్బు కూడా మధ్యలో పెట్టుకో."

ఆయన ఇంటికి రాలేదు.

పెద్దకర్మ అయ్యాక వచ్చే ఆదివారం ఆయన కోసం భజన అనుకున్నాం. ఆంటీకి చెవి మెషిన్ ఉన్నా, స్పీకరు లేకపోతే పాట అందదు. "ఆయన పెట్టె పలికితే వస్తానమ్మా. లేదంటే ఇంట్లోనే జపం చేసుకుంటాను" అన్నారు. ఆ మాట తర్వాత నాకు కూర్చోబుద్ధి కాలేదు.

నాతో వచ్చిన మా ఆయన, అంకుల్ షెడ్డు గుమ్మంలోనే నిలబడి, "ఎలక్ట్రీషియన్‌ని పిలుద్దాం లేవే" అన్నారు.

"పిలుద్దాం. ముందు నా పని నన్ను చూసుకోనివ్వండి."

అంకుల్ చెప్పిన బల్బు బల్ల మీదే ఉంది. కరెంటు ఆ పాతకాలపు బల్బు దాటాకే ఆంప్లిఫయర్‌కు చేరుతుంది. లోపల తప్పుంటే బల్బు బాగా వెలుగుతూనే ఉంటుంది, డబ్బా కాలిపోదు. మూత బిగించి, దండం పెట్టుకుని, దూరంగా నిలబడి స్విచ్ వేశాను. బల్బు భగ్గుమంది. మరుక్షణం దాని వెలుగు తగ్గి తగ్గి, తీగ మాత్రం సన్నగా ఎర్రగా మిగిలింది. "చేసేశావే!" అన్నారు మా ఆయన. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరుతో అంతా చూసి, పాస్ అని స్టిక్కర్ అంటించి వెళ్లాడు.

భజనకు ముందు మైకులో అందరికీ చెప్పాను, పాతది కాలిపోవడం నా వల్లేనని. ఇన్నాళ్లూ అంకుల్ నా తప్పు బయటపెట్టలేదు. ఆయన ఉండగానే నేను చెప్పి ఉండాల్సింది. "మాతో దాని ఆయుష్షు అయిపోయిందన్నారే ఆ మహానుభావుడు!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఎన్నాళ్లకో మా హాల్లో అలాంటి నవ్వు.

పాట మొదలైంది. వెనక వరసలో కూర్చున్న ఆంటీ చెయ్యి చెవి దగ్గరకు వెళ్లింది. వినపడటం లేదేమోనని నేను లేవబోయాను. ఆవిడ కూర్చోమన్నట్టు తలూపి, మెషిన్ సౌండు కాస్త తగ్గించుకుని, కళ్లు మూసుకుని తాళం వేయడం మొదలుపెట్టారు.