పదకొండు లిడియా చీటీలు

ఆరేళ్ళుగా ఇది నా గుండెల మీద కూర్చుని ఉంది. పాస్టరుగారికి చెప్పలేదు. ప్రార్థనలో కూడా దీని పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయేదాన్ని, దేవుడికి తెలియనట్టు. నాకు రాయడం రాదు. టేప్ రికార్డర్ ముందు కూర్చుని చెబుతున్నాను. రాసిపెట్టేవాళ్ళు నా మాటలకు మెరుగులు దిద్దవద్దు.

మా ఆయన నేపర్‌విల్ నుంచి రోజూ రైల్లో చికాగో వెళ్ళి, ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పాత పుస్తకాలకు వివరాలు రాసేవారు. మూడొందల ఏళ్ళనాటి ఇంగ్లీషు కవిత్వం పుస్తకాలు. మన దేశంలో పాస్టరు చదువుకని నేర్చుకున్న లాటిన్ అక్కడ పనికొచ్చింది. పొడుగాటి ఇంగ్లీషు పద్యాల మధ్య రెండేసి పాదాల లాటిన్ పద్యాలు ఇరుక్కుని ఉండేవట. అందరూ చూడకుండా పేజీ తిప్పేసినవి. ఒకటి దొరికిన రోజున, స్టేషన్ నుంచి వచ్చే ఆయన నడకలోనే నాకు తెలిసిపోయేది. ఒక్కో పద్యం ఒక్కో చీటీ మీద రాసి బూట్ల పెట్టెలో పేర్చుకునేవారు. ఆ జాబితా అచ్చు వేయిస్తానని ఒక ప్రొఫెసరు మాటిచ్చాడు. యాభై దాటిన మనిషికి అదొక్కటే ఆశ.

ఒకసారి ఒక చీటీ చూపించి, పైన ఏముందని అడిగాను.

"అడ్ లెక్తోరెమ్. అంటే, చదివేవాడికి."

"అడ్ అంటే?"

"'కి' అనుకో. మార్తకి, మరియకి. చూశావా, నీకూ లాటిన్ వచ్చేసింది!" అని నవ్వారు.

నేర్చుకున్న ఆ ఒక్క ముక్కే నన్ను ముంచింది.

ఒక ఉదయం దుమ్ము తుడుస్తుంటే పెట్టె మూత జారింది. పైచీటీ మీద 'అడ్'. దాని పక్కన ఒక పేరు. ఫ్రిజ్ మీద మా తెలుగు ప్రార్థన గుంపు ఫోన్ నంబర్ల కాగితం అంటించి ఉండేది, పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో. చీటీ పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూశాను. లిడియా. మా గుంపులో పాటలు పాడే నర్సు. చివర ఒక 'ఎం' ఎక్కువుంది. ఆయన ఆవిడకి పెట్టుకున్న ముద్దుపేరు కాబోలనుకున్నాను. వెతికితే అలాంటివి పదకొండు. ఎవరినీ అడగలేదు. బంగాళాదుంప తొక్కల్లో కలిపి చెత్తబండికి వేసేశాను.

ఆ శనివారం ఆయన పెట్టె తీశారు.

"లిడియా చీటీలు ఏవే?"

దాచుకోవలసిన పేరైతే ఎవరైనా ఇల్లంతా వినపడేలా అంటారా?

"ఏ లిడియా అండీ?"

"పుస్తకాల్లో లిడియా. ఆ కవులకు ఊహల్లో ప్రియురాలు. అసలు అలాంటి మనిషే లేదు. మంచి పద్యాలన్నీ ఆమె మీదే ఉన్నాయి. నువ్వేమైనా తీశావా?"

"నాకేం తెలుసండీ, చదువురానిదాన్ని."

ఆయన నమ్మారు. అక్కడే చెప్పి ఉంటే తిట్టేవారు, తరవాత నవ్వేవారేమో కూడా. చెప్పలేదు. మళ్ళీ రాసుకుందామంటే ఆ పుస్తకాలు వేరే ఊరి లైబ్రరీ నుంచి కొద్దిరోజులకని తెప్పించినవి, తిరిగి వెళ్ళిపోయాయి. "నా బుర్ర పోతోందే" అనడం మొదలుపెట్టారు. వేసిన తాళం మళ్ళీ వెళ్ళి చూసుకునేవారు. జాబితా సగమే ఉందని ప్రొఫెసరుకు రాసి, పెట్టెకు దారం కట్టేశారు. మూడేళ్ళకు గుండె ఆగింది, తన మతిమరుపు తనను ముంచిందనుకుంటూనే.

లిడియా ఆస్పత్రికి వచ్చి నా చెయ్యి పట్టుకోబోయింది. వెనక్కి లాక్కున్నాను. తప్పు నాదని తెలిశాక కూడా. ఆవిడకు ఈనాటికీ కారణం తెలియదు.

నాకు కోపం నిజంగా ఎవరి మీద? లిడియా మీదా, లేక ఆయనను అంత సంతోషపెట్టి నన్ను గుమ్మం బయట నిలబెట్టిన ఆ అక్షరాల మీదా? ఎన్నిసార్లు అడుక్కున్నా ఒకేలా జవాబు రాదు. పరామర్శకు వచ్చిన లైబ్రరీ ఆవిడ చెప్పింది, లాటిన్‌లో 'అడ్' వస్తే పేరు చివర అలా మారుతుందట. ముద్దుపేరు కాదు. ఉట్టి వ్యాకరణం.

పెట్టె ఇంకా నా దగ్గరే ఉంది. రాసిపెట్టేవాళ్ళు ఈ కాగితం పైన 'చదివేవాడికి' అని రాయండి. ఆయనకి అని రాయించే వేళ దాటిపోయింది. చదువురానిదాన్నని ఆ రోజు అబద్ధం చెప్పాను. ఆ పేరు చదివాను. చదివే పారేశాను.